బుటాకీ బుటాకీ మధ్య

పటమట, విజయవాడ
ఆషాఢం, బుధవారం

పిన్నీ,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. వాట్సాప్‌లో రాస్తే గులాబీపువ్వు బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. రేపు మీ షాపు వ్యాను వన్‌టౌన్‌లో మూటలు దింపి తిరిగి పెడన వెళ్ళేటప్పుడు ఈ కవరు పట్టుకెళ్తానని డ్రైవరు రాంబాబు ఒప్పుకున్నాడు. ఖాళీ మూటగుడ్డల్లో పడేసి పోగొట్టొద్దని మరీ మరీ చెప్పాను.

నాకు ఇక్కడ పిచ్చెక్కుతోంది. ధనుంజయ్‌తో చెప్పుకుందామంటే ఆయన "మళ్ళీ ఆ లూపేనా?" అంటూ టీవీ సౌండు పెంచుతున్నారు. ఇక మిగిలింది నువ్వే.

మీ షెడ్డులో మగ్గాల పైన డిజైను అట్టల బదులు మా కంపెనీ పెట్టె బిగించారు కదా. ఆ పెట్టెలో ఉండే ప్రోగ్రాము నేను రాసిందే. సోరెల్ అనే కంప్యూటర్ భాషలో రాస్తాను. ఆ భాష ఎవరి సొంతమూ కాదు, దేశదేశాల వాళ్ళు కలిసి ఉచితంగా నడుపుకుంటున్నారు. ఒకే పని మళ్ళీ మళ్ళీ చెయ్యమని కంప్యూటర్‌కి చెప్పడాన్ని లూప్ అంటాం. 'బుటా వెయ్యి, చుక్క వెయ్యి, అంచు వచ్చేదాకా ఇలాగే వెయ్యి' అంటే అదొక లూప్. చిక్కు ఎక్కడంటే చుక్క బుటాకీ బుటాకీ మధ్యనే పడాలి. ఆఖరి బుటా అయ్యాక అంచు మొదలవుతుంది, అక్కడ చుక్క పడకూడదు. కంప్యూటర్‌కి అంత ఇంగితం ఉండదు. 'ఇది ఆఖరిదా, కాదా' అని ప్రతిచోటా మనమే విడిగా ఒక ప్రశ్న రాయాలి. ఎవడో ఒకడు మర్చిపోతాడు. నిరుడు మీ షెడ్డులో చుక్క అంచు మీదికి ఎక్కి చీరలన్నీ సెకండ్స్ కింద పోయింది అందుకే. ఆ చీర నా ముందు పరిచి "ఇదేనా అమ్మా మీ కంప్యూటర్ తెలివి?" అన్నావు గుర్తుందా? నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకని లూప్‌కి కొత్త భాగం ఒకటి చేర్చమని ప్రతిపాదన పెట్టాను. మధ్యలో మాత్రమే జరగాల్సింది ఆ భాగంలో రాస్తాం. ఆఖరిదా కాదా అన్నది భాషే చూసుకుంటుంది, మనిషి మర్చిపోయే వీలే ఉండదు. మూడేళ్ళు ఆదివారాలన్నీ దీని మీదే కూర్చున్నాను. నమూనా కట్టాను, పరీక్షలు రాశాను, పాత ప్రోగ్రాములు ఏవీ చెడిపోవని చూపించాను.

నెల రోజులుగా జనం దేనిమీద కొట్టుకుంటున్నారో తెలుసా? పేరు మీద. నేను 'బిట్వీన్' అని పెట్టాను. ఒకడు 'జాయిన్' అనమంటాడు, ఒకడు 'గ్యాప్' అనమంటాడు. ఒకాయన నాలుగు పేజీలు రాసి ఆఖర్న ఏ పేరూ బాగాలేదని తేల్చాడు. అసలు ఆ భాగం కావాలా వద్దా అని మాట్లాడే దిక్కు లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

ఇంత బాధ ఎందుకంటావేమో. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసినదంతా కంపెనీ పేరుతోనే బయటికి పోయింది. ఇది నెగ్గితే, ఆ భాష ఉన్నన్నాళ్ళూ ఈ ముక్క తెచ్చింది రేణుక అని ఉంటుంది. నాకది కావాలి పిన్నీ. సిగ్గు విడిచి చెబుతున్నాను, కావాలి.

రేణుక


పెడన
శుక్రవారం, షాపు తెరవకముందు

రేణుకా,

దీవెనలు నీకు ఎప్పుడూ ఉన్నవే, మళ్ళీ రాస్తే కాగితం దండగ. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మీ బాబాయి చేత ఒకసారి పైకి చదివించుకున్నాను. బుటా సంగతి బాగా అర్థమైంది. నిరుడు నేనన్న మాట ఇంతకాలం మోస్తావనుకోలేదు. చీరలు పాడైన కోపంలో అన్నాను, వదిలెయ్యి.

భాష ఎవరి సొంతమూ కాదన్నావు. ఎవరి సొంతమూ కానిదాని మీద పెత్తనం చేసేవాళ్ళు ఎక్కువ ఉంటారు. మన నేత సొసైటీని చూడరాదూ.

ఇంత రాశావు గానీ అసలు రాయాల్సింది రాయలేదు. ఓటు హక్కు ఎవరెవరికి ఉంది? మనవైపు ఎందరు, ఎగస్పార్టీ ఎందరు, గోడ మీద కూర్చున్నవాళ్ళు ఎవరు? ఇవేమీ తెలుసుకోకుండా మూడేళ్ళు ఆదివారాలు తగలేశావా?

సొసైటీ డైరెక్టరుగా నేను మూడుసార్లు నెగ్గాను. నా గుణం చూసి ఒక్కరు కూడా ఓటెయ్యలేదు. అడిగితే వేశారు. అడగందే అమ్మయినా పెట్టదు. మాణిక్యమ్మ మొదటినుంచీ నాకు ఎదురే. వాళ్ళ కోడలి సీమంతానికి పిలవకపోయినా వెళ్ళి, పిల్లకి గాజులు తొడిగి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పి వచ్చాను. ఆ ఏడు మాణిక్యమ్మ ఓటు ఎటు పడిందో నీకు వేరే చెప్పక్కర్లేదు. నువ్వేమో కంప్యూటర్ ముందు కూర్చుని నా వాదన సరైనదే కదా అని ఎదురుచూస్తున్నావు. సరైన వాదనకి ఎవరు వేస్తారమ్మా ఓటు?

ఆ ఓటర్లలో తెలుగువాళ్ళు ఎవరూ లేరా? ఉంటే ఏ ఊరో, ఇంటిపేరేమిటో రాయి. ఊరికే తెలుసుకుందామని.

నీ పిన్ని
నాగమల్లేశ్వరి


పటమట
ఆషాఢం ఆఖరు

పిన్నీ,

ఇది సొసైటీ ఎన్నిక కాదు. ఇక్కడ గాజులు తొడిగితే ఓట్లు పడవు. అందరి ముందూ రాతలో వాదించుకోవాలి, ఎవరేమన్నారో లోకమంతా చదువుకోవచ్చు. అందులోనే దాని గౌరవం ఉంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కమిటీలో ఉన్నది ఐదుగురు. ముగ్గురు అవునంటే నెగ్గుతుంది. ఇద్దరు మొదట్లోనే అవునన్నారు. ఇద్దరు కాదన్నారు, వాళ్ళు మారరు. ఇక మిగిలింది జయంత్ అని ఒకతను. పుణెలో ఉద్యోగం. మనవాడే, హనుమాన్ జంక్షన్ వాళ్ళట. ఇంటిపేరు ప్రొఫైల్‌లో చూసి ఈ పేజీ అంచున రాశాను, ఏం చేసుకుంటావో.

మనవాడు కదా, నా బాధ కాస్త తెలుస్తుందిలే అనుకున్నాను. అందరికంటే వంకరగా తగులుకున్నది అతనే. ఏం రాసినా "దీనికి ఆధారం చూపించండి" అంటాడు. చూపిస్తే "ఇది ఒక్క మగ్గాల పెట్టెకే పరిమితం కాదని చూపించండి" అంటాడు. భాషలో ఒక కొత్త ముక్క చేర్చాక మళ్ళీ తియ్యలేం, నేర్చుకునే ప్రతివాడి నెత్తినా అది బరువే, కాబట్టి ఆచితూచి చేర్చాలి అంటాడు. అందులో నిజముంది. ఉంది కాబట్టే నాకు ఇంకా మండుతోంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఇవాళ ఇంకొకాయన వచ్చి, ఇలాంటి చిన్న విషయానికి కొత్త వాక్యనిర్మాణం అడగడం ఆడవాళ్ళ అల్లికల సరదాలా ఉందన్నాడు. అతన్ని తరవాత మందలించారనుకో. నేను మాత్రం లేచి వెళ్ళి అంట్లగిన్నెలన్నీ తోమేశాను. పనిమనిషి వచ్చి తనని మాన్పించేశామేమోనని భయపడింది.

ఓటింగు దసరా వెళ్ళాక.

రేణుక


పెడన
శ్రావణం, రెండో శుక్రవారం వెళ్ళాక

రేణుకా,

షాపులో ఊపిరాడటం లేదు. శ్రావణం కదా, పెట్టుబడి చీరలకి జనం విరగబడుతున్నారు. ఆకుపచ్చ కావాలన్నవాళ్ళకి పసుపు చూపించి, పసుపు అడిగినవాళ్ళకి ఆకుపచ్చ అంటగట్టి, ఎలాగో ఈడ్చుకొస్తున్నాం. నీ పెట్టె మీద నేసిన చుక్కబుటా చీరలు బాగా పోతున్నాయి. ఈసారి అంచు మీద చుక్క ఎక్కలేదు, మొదటి చీర దింపగానే నేనే కళ్ళజోడు పెట్టుకుని చూశాను.

మధ్యలో ఒకపూట జంక్షన్ దాకా వెళ్ళొచ్చాను. సీతారావమ్మ గారని మన పాత ఖాతాదారు. వరలక్ష్మీ వ్రతానికి ఎప్పుడూ మన దగ్గరే తీసుకుంటారు. గుడివాడలో బస్సు మారి వెళ్ళేసరికి నడుం పడిపోయింది. పెద్ద ఇల్లు, మర్యాద తెలిసిన మనిషి. పులిహోర పెట్టి గానీ కదలనివ్వలేదు.

నీ ఉత్తరంలో ఆ అల్లికల మాట అన్నవాడి పేరు ఎందుకు రాయలేదు? సరే, విదేశీయుడై ఉంటాడు, వాడి జోలికి మనం వెళ్ళలేం.

నువ్వు నీ వాదన నువ్వు చేసుకో. మిగతాది అమ్మవారు చూసుకుంటుంది. మీ బాబాయి ఫోన్ చేసి ఏదైనా వాగితే పట్టించుకోకు. ఆయనకి నోట్లో నువ్వుగింజ నానదు.

పిన్ని


పటమట
భాద్రపదం, సోమవారం

పిన్నీ,

ఈ ఉత్తరం నవ్వుతూ రాస్తున్నాను, నమ్ము.

జయంత్ అడిగిన ఆధారం కోసం నెలంతా వెతికాను. సోరెల్‌లో లోకం మొత్తం రాసుకున్న ప్రోగ్రాములు బహిరంగంగా ఉంటాయి. వాటిలో ఎక్కడెక్కడ జనం ఆ 'ఆఖరిదా కాదా' ప్రశ్న మర్చిపోయారో, మర్చిపోయి తరవాత ఎక్కడ దిద్దుకున్నారో ఏరి పెట్టాను. బస్సు టికెట్లు అచ్చు కొట్టే ప్రోగ్రాములో ఉంది. ఆసుపత్రి బిల్లుల దాంట్లో ఉంది. మన చీర మీద చుక్క లాంటివి వందల చోట్ల పడి ఉన్నాయి. అవన్నీ ఒకచోట పెట్టాను.

అవన్నీ చదవడానికి అతనికి మూడు రోజులు పట్టింది. ఇవాళ పొద్దున రాశాడు. "నేను అనుకున్నదానికంటే ఇది పెద్ద సమస్య. రేణుక గారు చూపించిన తరవాత నేను మళ్ళీ మొదటినుంచి ఆలోచిస్తున్నాను." ఇంతే. ఈ రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతావు.

పేరు గురించి కొట్టుకునేవాళ్ళు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కొట్టుకోనీ. ఎవరినీ బతిమాలకుండా, ఎవరి సిఫార్సూ లేకుండా, ఒక మనిషి మనసు మార్చాను పిన్నీ. మాటతో, రుజువుతో మార్చాను. నా జన్మలో ఇలాంటిది జరగలేదు. ఆఫీసులో ఏదైనా కావాలంటే ఎవరో ఒకరి చేత చెప్పించుకోవాల్సిందే. కాలేజీ సీటు దగ్గర్నుంచి అంతే కదా మన బతుకు.

రేణుక


పెడన
మహాలయం రోజుల్లో

రేణుకా,

చాలా సంతోషం. మూడో ఓటు మనదే, రాసిపెట్టుకో. నీ తెలివి కూడా పనిచేసింది, కాదనను.

రాంబాబు హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

పిన్ని


పటమట
దసరా వెళ్ళిన వారం

పిన్నీ,

నువ్వు సీతారావమ్మ గారికి చీర ఎందుకు పెట్టావు?

ఆవిడ జయంత్‌కి మేనత్త అని నాకు ఎందుకు చెప్పలేదు? వెళ్ళేముందు నన్నొక్క మాట ఎందుకు అడగలేదు? పాత ఖాతాదారని రాశావు. పులిహోర గురించి రాశావు. చెప్పాల్సింది తప్ప అన్నీ రాశావు.

ఓటింగు రోజు పొద్దున అతను అందరికీ కనిపించేలా ఇలా రాశాడు. "ప్రతిపాదన పెట్టినవారి బంధువు ఒకరు మా మేనత్త ఇంటికి వెళ్ళి, చీర పెట్టి, నా ఓటు గురించి మాట్లాడారు. ఇది ప్రతిపాదకురాలికి తెలిసి జరిగిందని నేను అనడం లేదు. కానీ ఇది తెలిశాక నేను ఈ ఓటింగులో పాల్గొనడం సరికాదు." అని తప్పుకున్నాడు. అవునని రెండు, కాదని రెండు. సమానమైతే వీగిపోయినట్టే లెక్క. మూడేళ్ళ పని మధ్యాహ్నం భోజనాలవేళకి అయిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. చీర అంటే ఏమిటని ఒకడు అడిగాడు. ఇంకొకడు బొమ్మ పెట్టాడు. అది ఎంత ఖరీదు ఉంటుందని చర్చ మొదలైంది. ఒకాయన దాన్ని లంచం అన్నాడు. ఆ మాట పట్టుకుని పాతికమంది వచ్చారు. అంతకుముందు నా లూప్ గురించి ఒక్క ముక్క మాట్లాడనివాళ్ళు కూడా వచ్చారు. మా ఆఫీసు కుర్రాళ్ళు అదంతా చదివారు. ఇప్పుడు నేను లిఫ్టులోకి అడుగుపెడితే మాటలు ఆపేస్తున్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, సాయంత్రం అతను నాకు విడిగా రాశాడు. "అవునని వెయ్యాలనే నిశ్చయించుకున్నానండి. మీ ఆధారాలు చూసిన రోజే. అత్తయ్య ఫోన్ చేసింది ఆ తరవాత. ఇప్పుడు వేస్తే అది నా ఓటు అనిపించుకోదు. క్షమించండి." నిజాయితీపరుడు. తన నిజాయితీ తను కాపాడుకున్నాడు, పోయింది నాది. అతని మీదా కోపమే నాకు. కానీ అతన్ని తిట్టడానికి నాకు నోరు లేకుండా చేశావు.

అతని మనసు నేను మార్చానని నీకు రాశాను పిన్నీ. చదివి కూడా నువ్వు నోరు విప్పలేదు. నా తెలివి 'కూడా' పనిచేసిందని రాశావు. ఆ 'కూడా' అప్పుడు నాకు అర్థం కాలేదు.

నీ మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇక రాయలేను.

రేణుక


పెడన
ఆశ్వయుజం, బుధవారం

రేణుకా,

లంచమా? బొట్టు పెట్టి, తాంబూలంలో పెట్టి, శ్రావణ శుక్రవారం నాడు ముత్తయిదువు చేతికి ఇచ్చిన చీర లంచమా? ఆ మాట అన్నవాడు తన ఇంట్లో ఆడవాళ్ళకి ఎప్పుడైనా ఒక గుడ్డ ముక్క పెట్టాడా అని అడుగు.

నేను ఏం చేశానో దాచకుండా చెబుతాను, విను. నువ్వు ఇంటిపేరు రాయగానే నాకు తట్టింది. సీతారావమ్మ గారి పుట్టింటివాళ్ళది అదే ఇంటిపేరు. వెళ్ళాను. చీర పెట్టాను. "మా అక్క కూతురండీ, మూడేళ్ళు కష్టపడింది. మీ మేనల్లుడి చేతిలో ఉందట. ఒక్క మాట చెప్పండి" అన్నాను. ఆవిడ "దాందేముందండీ, మా జయంత్ నా మాట దాటడు. చిన్నప్పుడు నా దగ్గరే పెరిగాడు" అంది. అంతకుమించి ఒక్క ముక్క నేననలేదు.

ఆవిడ దసరా దగ్గరపడ్డాక గానీ ఫోన్ చెయ్యలేదట, ఏమందో నాకు తరవాత తెలిసింది. "ఒరేయ్, పెడన నాగమల్లేశ్వరి గారు చీర పెట్టార్రా. నువ్వు ఓటెయ్యకపోతే నేనా చీర ఏ మొహం పెట్టుకుని కట్టుకోను?" అందట. అలా అంటుందని నేను అనుకున్నానా? మంచికి పోతే చెడు ఎదురైంది.

అతను మనసు మార్చుకున్నాడని నువ్వు రాసినప్పుడు, నా మాట పనిచేసిందనే అనుకున్నాను. నిజం చెబుతున్నాను. నీ రుజువుల వల్ల మారాడని నాకు తోచనే లేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. నీ తెలివి మీద నమ్మకం లేక కాదే. తెలివైనవాళ్ళు ఓడిపోవడం నేను చాలాసార్లు చూశాను. సొసైటీలో లెక్కలు తెలిసిన వెంకటసుబ్బారావు ఓడిపోయాడు, నేను నెగ్గాను. నువ్వు వెంకటసుబ్బారావువి కాకూడదనుకున్నాను.

కోపం ఉంటే ఉండనీ, నీకు ఆ హక్కు ఉంది. కానీ ఆ లంచం అన్న మాటని నువ్వు కూడా ఒప్పుకుంటున్నావా? అది చెప్పు. ఆ ఒక్కటీ నేను మింగలేకపోతున్నాను.

నాగమల్లేశ్వరి


పటమట
కార్తీకం, గురువారం పొద్దున

పిన్నీ,

లంచమన్నది నేను కాదు, వాళ్ళు. కాదని రాద్దామని కూర్చున్నాను. మా వైపు శ్రావణంలో చీర పెట్టడం మర్యాద అని మొదలుపెట్టాను. రెండో వాక్యానికి వచ్చేసరికి, మరి ఓటు గురించి ఎందుకు మాట్లాడారని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి నాలుగూ చెరిపేశాను. నాకు ఇష్టమై ఊరుకోలేదు, చేతకాక ఊరుకున్నాను.

కమిటీ పెద్ద, జర్మనీ ఆవిడ, నిన్న తేల్చి చెప్పేసింది. ఓటింగు ముగిసింది, ఫలితం మారదు. వీగిపోయిన ప్రతిపాదన ఏడాది దాకా మళ్ళీ పెట్టకూడదని రూలు.

కాబట్టి ఇక నువ్వేమీ చెయ్యకు. దణ్ణం పెడతాను. ఎవరింటికీ వెళ్ళకు. ఎవరికీ ఫోన్ చెయ్యకు. జంక్షన్ వైపు బస్సే ఎక్కకు. అయిపోయింది, వదిలెయ్యి.

రేణుక


పెడన
కార్తీకం, గురువారం సాయంత్రం

రేణుకా,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. నువ్వు రాసేదాకా ఆగలేక వెళ్ళొచ్చేశాను.

చీర పెట్టాను కాబట్టే కదా ఆ అబ్బాయి ఓటెయ్యలేనన్నాడు. చీర లేకపోతే అడ్డేముందని ఆలోచించాను. మంగళవారం మంచిది కాదన్నారు, బుధవారం వెళ్ళాను. మీ బాబాయి జంక్షన్ దాకా వచ్చి, "నాకు మొహం చెల్లదే, నువ్వెళ్ళు" అని బస్టాండులోనే కూర్చుండిపోయారు.

పెట్టిన చీర తిరిగి అడిగిన ఆడది మన వైపు ఎక్కడైనా ఉందా? నేను వినలేదు. గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూడగానే సీతారావమ్మ గారు "రండి రండి" అంటూ ఎదురొచ్చింది. కూర్చుంటే ఇక అడగలేనని నిలబడే అడిగేశాను. "వదినగారూ, ఏమనుకోకండి. ఆ చీర నాకు తిరిగి ఇచ్చెయ్యండి" అన్నాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. ఇంకో చీర తెచ్చి మారుస్తాననుకుంది. "మార్చడానికి కాదండీ, వెనక్కే" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి తెచ్చింది. రవికెముక్క అప్పటికే కత్తిరించి జాకెట్టు కుట్టించుకుంది. ఆ జాకెట్టు కూడా మడతపెట్టి చీర మీద పెట్టి స్టూలు మీద ఉంచింది. నా చేతికి ఇవ్వలేదు. మంచినీళ్ళు కూడా అడగలేదు. నేను అక్కడే నిలబడి "ఒక్కసారి మీ అబ్బాయికి ఫోన్ చేసి, చీర ఇచ్చేశానని చెప్పండి" అన్నాను. చెప్పింది. ఫోన్ పెట్టేసి, "ఇక మీ షాపుకి మేం రామండీ. మీరూ రావద్దు" అంది. ఇరవై ఏళ్ళ ఖాతాదారు.

నేను ఏడవలేదు. బస్సులో మీ బాబాయే కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడా అబ్బాయి చేతులకి ఏ ముడీ లేదు. వెళ్ళి ఓటెయ్యమను. వాళ్ళ పెద్దావిడకి చెప్పు, చీర వెనక్కి వచ్చేసిందని.

చీర మాత్రం ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. బొట్టు పెట్టి ఇచ్చి వెనక్కి తెచ్చినది అమ్మడానికి చేతులు రావు. నేను కట్టుకోలేను. బీరువా పైన పెట్టాను, అటు చూడటం లేదు.

పిన్ని


పటమట
కార్తీకం, ఆదివారం

పిన్నీ,

వెళ్ళొద్దని నేను రాసిన ఉత్తరం, వెళ్ళొచ్చానని నువ్వు రాసిన ఉత్తరం దారిలో ఎదురుపడ్డాయి. నాది చదివాక నీకు ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే అన్నం దిగలేదు. అప్పటికే అంతా అయిపోయింది పిన్నీ. నువ్వు ఆ గుమ్మంలో నిలబడేసరికే ఓటింగు మూసేశారు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ముందు కోపంతో ఏడ్చాను. ఒక్కరోజు ఆగితే ఆవిడ ముందు నువ్వు అలా నిలబడాల్సిన పనే లేదు. నీకు ఆగడం ఎందుకు రాదు? తరవాత ఎందుకు ఏడ్చానో నాకే తెలియదు.

జయంత్ మళ్ళీ రాశాడు, అందరికీ కనపడేలా. చీర తిరిగి వచ్చిందని, మా ప్రాంతంలో పెట్టిన చీర వెనక్కి అడగడం అంటే ఆ మనిషి తన పరువు తీసి గుమ్మంలో పెట్టడమేనని, ఇది తెలియకుండా లంచం అన్నవాళ్ళు ఆ మాట వెనక్కి తీసుకోవాలని రాశాడు. తన ఓటు అవునే అయ్యుండేదని కూడా చెప్పాడు. ఒకరిద్దరు క్షమాపణ చెప్పారు. మిగతావాళ్ళు అప్పటికే వేరే కొట్లాటలోకి వెళ్ళిపోయారు. జర్మనీ ఆవిడ చాలా మర్యాదగా జవాబిచ్చింది. రూలు రూలే, వచ్చే ఏడాది.

అతను రాయగలిగింది నేను రాయలేకపోయాను. అందుకు సిగ్గుగా ఉంది. నీ ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. అది లంచం కాదు. తప్పు, తెలివితక్కువ పని, నా కొంప ముంచిన పని. లంచం మాత్రం కాదు. కమిటీకి కూడా ఇదే రాశాను, కింద నా పేరు పెట్టి.

ఆ చీర నాకు పంపించు. ఎవరికీ ఇవ్వొద్దు. కట్టుకుని ఆఫీసుకి వెళ్తాను. లిఫ్టులో మాటలు ఆపేసేవాళ్ళు ఆపేస్తే ఆపెయ్యనీ, నేను మా అంతస్తు వచ్చేదాకా నిలబడే ఉంటాను. జాకెట్టు నాకు పట్టదులే, వేరే కుట్టించుకుంటాను.

వచ్చే ఏడాది మళ్ళీ పెడతాను. పేరు కూడా మార్చను, బిట్వీనే.

రేణుక


పెడన
సోమవారం

రేణుకా,

రాంబాబు చేతికి చీర ఇచ్చాను. మూటలో వెయ్యనివ్వలేదు, విడిగా పక్క సీట్లో పెట్టించాను. బొట్టు నువ్వే పెట్టుకో. ఫాల్ ఇంకా కుట్టలేదు, పటమటలో ఎవరినైనా చూసుకో.

నీ ఉత్తరం మీ బాబాయి చదివి వినిపించారు. తప్పు, తెలివితక్కువ అన్నచోట ఆయన గొంతు పెంచారు. పెంచనిచ్చాను.

వచ్చే ఏడాది తప్పకుండా పెట్టు. ఓటింగు ఎప్పుడో మాత్రం నాకు రాయకు. తెలిస్తే ఇంట్లో కూర్చోలేను.

పిన్ని